ఏమో అనలేని మనిషి

జనం పాఠం మధ్యలో ఎక్కడ లేచిపోతారో కనిపెట్టడం వీరవేణి ఉద్యోగం. కాకినాడ భానుగుడి సెంటరు దగ్గర ఒక మేడ మీద నడిచే ఆ చిన్న సంస్థ, కాలేజీకి వెళ్ళే వీల్లేని వాళ్ళకి ఆన్‌లైన్‌లో పనులు నేర్పే కోర్సులు తయారుచేసేది. కరెంటు పని, ఆసుపత్రిలో ఆయా పని, పడవ ఇంజన్ల రిపేరు, ఇలాంటివి. చేరేవాళ్ళు వేలల్లో ఉండేవారు. పూర్తిచేసేవాళ్ళు చాలా తక్కువ. వేణి బటన్లు పెద్దవి చేసి చూసింది. వీడియోలు ముక్కలు చేసింది. పుస్తకాల భాష తీసేసి గోదావరి మాటల్లో చెప్పించింది. మార్పు చేసినప్పుడల్లా జనం ఇంకాస్త సేపు కూర్చునేవారు, తర్వాత మళ్ళీ అదే చోట లేచిపోయేవారు.

ఆ చోటేమిటో ఆమెకి తమ్ముడి వల్ల తెలిసింది.

నూకరాజు రేవులో టగ్గు మీద కళాసీ. ఒడ్డు నుంచి బియ్యం బస్తాలు నింపుకున్న బార్జీలని తాడు కట్టి సముద్రంలో లంగరేసిన ఓడల దాకా లాక్కెళ్ళే చిన్న పడవ అది. దాన్ని నడిపే సరంగు కావాలని అతని కోరిక. చేతిలో పనుంది కానీ రాతపరీక్ష దగ్గర ప్రతిసారీ తప్పిపోయేవాడు. అందుకే వేణి సరంగు కోర్సు తయారుచేస్తున్నప్పుడు, దాన్ని పరీక్షించడానికి తమ్ముణ్ణే పిలిచింది. అద్దానికి ఇవతల నిలబడి చూస్తూ ఉంది. పటం మీద లోతులు, పోటు పాటుల లెక్క వచ్చేసరికి అతను కుర్చీలో కదిలాడు. మెడ రుద్దుకున్నాడు. ఫోను తీశాడు.

"టీ తాగొస్తానక్కా," అని లేచాడు. తిరిగి రాలేదు.

వేణి కిందకి దిగి టీ కొట్టు దగ్గర పట్టుకుంది. "ఎందుకు లేచిపోయావు? నిజం చెప్పు, ఏమీ అనుకోను."

"బుర్ర పట్టేసినట్టయిందక్కా. అందీ అందనట్టు ఉంటాది చూడు, అప్పుడింక అక్కడ కూచోబుద్ధి కాదు."

"ఇంకొంచెంసేపు ఉంటే అందేదిగా."

"ఆ ఇంకొంచెంసేపే ఉండలేను," అన్నాడు నూకరాజు సిగ్గుగా నవ్వుతూ.

ఆ మాట ఆమెని వదల్లేదు. బస్సులో వెళ్తున్నా, కూర తరుగుతున్నా అదే ఆలోచన. తెలియకపోవడానికీ తెలియడానికీ మధ్య ఒక ఇరుకు సందుంది. అక్కడ ఊపిరాడదు. తను అన్నాళ్ళూ గుమ్మాలకి రంగులేస్తోంది కానీ, జనం వెనక్కి తిరుగుతున్నది ఆ సందులోంచి.

తనతో పనిచేసే ఇలియాస్‌తో చెప్పింది. అతను మచిలీపట్నం మనిషి, తక్కువ మాట్లాడతాడు. మెదడులో లేచే సన్నటి సంకేతాలని చదవడం అతని చదువు. కొన్ని నెలలు కష్టపడి నుదుటికి కట్టుకునే పట్టీ ఒకటి తయారుచేశాడు. ఏదైనా అర్థమైన క్షణంలో మనిషి లోపల ఒక మెరుపులాంటిది వస్తుంది. ఆ పట్టీ దాన్ని పట్టుకునేది. మెరుపు వచ్చేదాకా పాఠం రకరకాలుగా తిప్పి చెప్పేది, వచ్చాకే ముందుకి పోయేది. దానివల్ల కొంత మేలు జరిగింది. అయినా మెరుపు రాకముందే లేచిపోయేవాళ్ళు లేచిపోతూనే ఉన్నారు.

ఒక మధ్యాహ్నం ఇలియాస్ వేణిని తన గదికి పిలిచి, పట్టీ కట్టి, తెర మీద ఒడియా అక్షరాలు పెట్టాడు. ఆమెకి ఒక్కటీ రాదు. గుండ్రంగా అన్నీ ఒకేలా ఉన్నాయి. కాసేపటికి విసుగొచ్చింది. పట్టీ తీసేద్దామనుకుంటూ ఉండగానే గుండెలో దీపం పెట్టినట్టు అయింది. ఇదా సంగతి, అనిపించింది. నవ్వొచ్చింది. వరసగా చదివేసింది.

"మెరుపు వచ్చే ముందు చిన్న అల లేస్తోంది మేడమ్," అన్నాడు ఇలియాస్. "ఆ అలని పట్టీలోంచి కొంచెం కరెంటుతో తోశాను. రావలసిన మెరుపు కాస్త ముందే వచ్చింది. అంతే."

"ఇది మోసం కాదా?"

"అక్షరాలు వచ్చాయా, రాలేదా?"

వచ్చాయి. కాగితం మీద రాసి చూసుకుంది, తప్పుల్లేవు.

"పూర్తిగా తెలియకముందే తెలిసినట్టు అనిపిస్తే, అలవాటైపోదా?" అని అడిగింది వేణి.

ఇలియాస్ ఆలోచించాడు. "అంత కొద్ది కరెంటుకి అవుతుందనుకోను. కానీ ఎవరూ చూడలేదు."

కోర్సులో ఏం పెట్టాలో, ఏం వద్దో చెప్పే బాధ్యత వేణిది. సంస్థ పెట్టిన అనంతశయనం గారు ఒకప్పుడు పాలిటెక్నిక్‌లో మాస్టారు. తెలివైన పిల్లలు ఒక్క లెక్క దగ్గర భయపడి చదువు మానేయడం ఏళ్ళ తరబడి చూసి, ఆ బాధతో ఉద్యోగం వదిలి ఈ పని మొదలుపెట్టిన మనిషి. మీటింగులో ఆయన వేణి వైపే చూశారు. వేణికి ఆ క్షణంలో టీ కొట్టు దగ్గర తమ్ముడి ముఖం గుర్తొచ్చింది. "పెడదామండి," అంది.

జనం లేచిపోవడం మానేశారు. పాడేరు నుంచి, పలాస నుంచి, కోనసీమ లంకల నుంచి ఫోన్లు వచ్చేవి, నాకు ఉద్యోగం వచ్చిందండీ అని. అనంతశయనం గారు ఆ ఫోన్లు తనే తీసి మాట్లాడేవారు. ఒక్కోసారి కళ్ళు తుడుచుకునేవారు.

నూకరాజుకి వేణి ఇంట్లో పెట్టుకోమని ఒక పట్టీ ఇచ్చింది. జగన్నాథపురంలో వంతెన దిగాక సందులో వాళ్ళిల్లు. పని నుంచి రాగానే నుదుటికి కట్టుకుని కూర్చునేవాడు. సరంగు పాఠాలు అయిపోతే ఇంజన్ల పాఠాలు, అవీ అయిపోతే పైర్ల మీద మందు కొట్టే పాఠాలు కూడా చూసేవాడు. "హాయిగా ఉంటందక్కా," అనేవాడు. పరీక్ష పాసయ్యాడు. దొంగ పాసు కాదు, లెక్కలన్నీ సరిగ్గా చేశాడు. కొత్త సరంగుకి రేవులో జనం దండలేశారు. భార్య లోవ పూతరేకులు పంచింది.

కొన్నాళ్ళకి లోవ ఒక్కతే ఆఫీసుకి వచ్చింది. మెట్లెక్కి ఆయాసపడుతూ, వేణి బల్ల పక్కన కూర్చుంది. చేతిలో మందుబిళ్ళల అట్ట ఉంది.

"వదినా, మీ తమ్ముడికి ఏదో అయ్యింది."

"ఏమైంది? జ్వరమా?"

"జ్వరమైతే ఇంత భయపడను. పిల్లకి దగ్గని మందు తెమ్మన్నాను. చీటీ ఇంట్లో మర్చిపోయి వెళ్ళాడు. అయినా షాపులో పేరు చెప్పి తెచ్చాడు, ఇదీ. దగ్గు మందు కాదిది, పెద్దోళ్ళకి గుండెకి ఇచ్చేదంట. పక్కింట్లో నర్సమ్మ చూసింది కాబట్టి సరిపోయింది. ఎందుకు తెచ్చావంటే, అదేనే, నాకు తెలుసు అంటాడు. చీటీ చూపించాను. చీటీ తప్పు అంటాడు. కోపంగా కాదు వదినా, నవ్వుతానే."

వేణి అట్ట తిప్పి చూస్తూ ఉండిపోయింది.

"ఇదివరకు ఏదడిగినా ఏమో అనేవాడు," అంది లోవ. "వాన వస్తాదా అంటే ఏమో. మీ అక్క వస్తాదా అంటే ఏమో. చిరాకేసేది నాకు. ఈమధ్య ఆ మాట వినలేదు. ఒక్కసారీ వినలేదు."

లోవ వెళ్ళాక వేణి కుర్చీలో కూర్చోలేకపోయింది. కిటికీ దాకా వెళ్ళి, వెనక్కొచ్చి, మళ్ళీ వెళ్ళి, చివరికి ఇలియాస్ గదిలోకి నడిచింది. కోర్సులో ప్రతి ప్రశ్న కిందా ఒక గీత ఉంటుంది. జవాబు మీద మీకెంత నమ్మకం ఉందో ఆ గీత మీద వేలితో జరిపి చూపించాలి. పట్టీ ఎక్కువకాలం వాడినవాళ్ళ జవాబులు తీసి చూశారు. జవాబు ఒప్పైనా తప్పైనా, చాలామంది వేలు గీత చివరకే పోతోంది. మొదట్లో అలా లేదు. వాడే కొద్దీ మెల్లగా అటు జరిగింది.

"వీళ్ళు నేర్చుకున్నది నిజమే," అన్నాడు ఇలియాస్ గొంతు తగ్గించి. "కానీ రాని చోట రాదని తెలియడం లేదు. లోపల గుచ్చుకోవాల్సింది గుచ్చుకోవడం లేదు."

వేణి అనంతశయనం గారి దగ్గరికి వెళ్ళి, కరెంటు ఆపేద్దామంది. ఆయన ఆ గీతలన్నీ ఓపిగ్గా చూశారు.

"అమ్మాయ్, జన్మలో మొదటిసారి ధైర్యం వచ్చినవాళ్ళు వీళ్ళు. ధైర్యం కాస్త ఎక్కువైతే జబ్బంటామా? ఇంకొన్ని వారాలు చూద్దాం. నిజంగా తేడా ఉందంటే నేనే ఆపుతాను."

వేణి సరేనంది. సరేనన్నాక కూడా ఆయన గది గుమ్మం దగ్గర కాసేపు నిలబడింది. వెనక్కి వెళ్ళి గట్టిగా అడగాలనిపించింది. అడగలేదు.

ఆ వారంలోనే మంచు దిగింది. తెల్లవారి చాలాసేపయినా సముద్రం మీద సూర్యుడు కనపడలేదు. నూకరాజు బియ్యం బార్జీలని లాక్కుని ఓడ వైపు బయల్దేరాడు. కొంతదూరం పోయాక టగ్గు ముక్కు కూడా కనపడనంత మంచు కమ్మింది. మిగతా సరంగులు ఇంజను తగ్గించి, హారన్ కొడుతూ ఆగిపోయారు.

"మనం కూడా ఆగుదామా సరంగు గారూ?" అన్నాడు ముందు వైపు నిలబడ్డ కళాసీ కొండయ్య.

"ఎందుకు? ఓడ ఎక్కడుందో నాకు తెలుసు."

"ఏదో చప్పుడవుతందండి. పళ్ళెం మీద కొట్టినట్టు."

"ఓడ గొలుసు చప్పుడది," అన్నాడు నూకరాజు. వేగం తగ్గించలేదు.

అది పళ్ళెమే. మంచులో తామున్న చోటు పెద్ద పడవలకి తెలియడానికి తెప్పలవాళ్ళు పళ్ళెం కొడతారు. ఉప్పాడకి అవతలి పల్లె నుంచి వలకొచ్చిన ఫైబర్ తెప్ప ఒకటి మంచులో ఆగి ఉంది. టగ్గు దాన్ని రాసుకుంటూ పోయింది, వెనక వస్తున్న బార్జీ దాని మీదికెక్కింది. తెప్పలో ఇద్దరు. ముందు వైపు వల లాగుతున్న కుర్రాడు తలకి దెబ్బ తగిలి, తాడు పట్టుకుని బతికాడు. వాడికి ఏమీ గుర్తులేదు. రెండోవాడు ఎల్లాజీ, నలభై దాటిన మనిషి. అతని శవం మర్నాడు హోప్ ఐలాండ్ వైపు తేలింది.

విచారణ మొదలైంది. వేణి కూడా వెళ్ళి వెనక బెంచీ మీద కూర్చుంది. విచారణాధికారి అడిగిన ప్రతిదానికీ నూకరాజు తడుముకోకుండా జవాబు చెప్పాడు.

"పళ్ళెం చప్పుడు వినపడిందని మీ కళాసీ అంటున్నాడు."

"అది గొలుసు చప్పుడండి."

"అంటే తెప్పలోవాళ్ళు ఏ చప్పుడూ చెయ్యలేదంటావా?"

"చెయ్యలేదండి. చేసుంటే నాకు తెలిసేది."

అంత స్థిరంగా చెప్పేసరికి కొండయ్య కూడా తడబడ్డాడు. గొలుసే అయ్యుంటాదండి, అనేశాడు. సాయంత్రానికి రేవంతా ఒకటే మాట. ఎల్లాజీ తెప్పలో నిద్రపోయాడు, మంచులో పళ్ళెం కొట్టాల్సినవాడు కొట్టలేదు, అతని తప్పే.

బయటికొచ్చాక నూకరాజు, "ఆకలేస్తందక్కా, ఇంటికి పోదాం పద," అన్నాడు. ఇంట్లో చేపల పులుసుతో రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. ముల్లు జాగ్రత్తగా తీసి కూతురికి ముద్దలు పెట్టాడు. పోయిన మనిషి గురించి వేణి ఎత్తితే, "పాపం," అన్నాడు. ఆ మాట నిజంగానే అన్నాడు. పేపర్లో ఎక్కడో జరిగినదాన్ని చదివి అన్నట్టు అన్నాడు. తర్వాత చెయ్యి కడుక్కుని పడుకుని, వెంటనే నిద్రపోయాడు.

వేణి నిద్రపోతున్న తమ్ముణ్ణి చూస్తూ కూర్చుంది. అబద్ధమాడేవాడికైనా కళ్ళలో ఎక్కడో బెదురుంటుంది. తన తమ్ముడు అబద్ధమాడటం లేదు. అతని లోపల తప్పు చేశానేమోనన్న అనుమానం పుట్టే చోటే మూసుకుపోయింది. మూసింది తను.

ఇలియాస్ సెలవు పెట్టకుండా, ఇంటికి సరిగ్గా పోకుండా దాని మీద కూర్చున్నాడు. ఒక మార్గం కనపడింది. పొరపాటు చేసినప్పుడు మెదడులో లేచే అల పూర్తిగా పోలేదు. చాలా అడుగున, సన్నగా లేస్తోంది. ఈసారి మెరుపుని కాక ఆ అలని తోస్తే, మెల్లగా మళ్ళీ పైకి రావచ్చు.

"రావచ్చు," అన్నాడు. "వస్తే మాత్రం అన్నీ వస్తాయి మేడమ్. ఆ తెప్ప కూడా."

మర్నాడు వేణి లోవకి అంతా చెప్పింది. పట్టీ సంగతి, కరెంటు సంగతి, మీటింగులో పెడదామన్నది తనేనన్న సంగతి. లోవ వాకిట్లో చేపలు తోముతోంది. చెయ్యి ఆగలేదు.

"ఇప్పుడు దాన్ని బాగుచేస్తే ఏమవుతాది?"

"తను ఏం చేశాడో తెలుస్తుంది."

లోవ చేప తిప్పి రెండో వైపు తోమింది. "నా మొగుడు హాయిగా నిద్రపోతన్నాడు వదినా. ఆ నిద్ర కూడా నువ్వే ఇచ్చావంటన్నావు. ఇప్పుడొచ్చి అది కూడా తీసేస్తానంటన్నావు. ఒక మనిషిని చంపేనని తెలిసినోడితో నేనెలా కాపరం చెయ్యాలి? వద్దు. వదిలెయ్యి."

ఆమె మాటలో అన్యాయం లేదు. వేణి తలొంచుకుని వచ్చేసింది. వచ్చేసిందే కానీ, తర్వాతి రెండు రోజులూ ఏ పనిలోనూ మనసు నిలవలేదు. ఫోను మోగితే ఉలిక్కిపడేది. ఎక్కడో ఒక ఆయా తప్పు మందు ఇస్తున్నట్టు, ఎక్కడో ఒకడు కరెంటు ఉన్న తీగని లేదనుకుని పట్టుకుంటున్నట్టు కళ్ళముందు ఆడేది.

ఫోను చేసింది లోవే.

"పిల్లకి ఈత నేర్పుతానని సముద్రంలోకి దింపేడు వదినా. కెరటాలు పెద్దగా ఉన్నాయి, ఒడ్డున అందరూ వద్దన్నారు. ఈ కెరటం సంగతి నాకు తెలుసంటాడు. వాళ్ళే దూకి పిల్లని లాక్కొచ్చారు. నువ్వు చేస్తానన్నది చెయ్యి. ఇవాళే చెయ్యి."

నూకరాజు ఆశ్చర్యపోయాడు. "నాకేమైందక్కా? నేను బాగానే ఉన్నాను."

"ఉన్నావు. అయినా ఒకసారి కూర్చో."

"ఎందుకో చెప్పు."

వేణి దాచకుండా చెప్పింది. అతను శ్రద్ధగా విన్నాడు. "నువ్వు పొరపడ్డావు," అన్నాడు చివరికి జాలిగా. "కానీ అడిగావు కాబట్టి కూచుంటాను."

ఆ పాఠంలో నేర్పేదేమీ లేదు. రెండు మూటలిచ్చి ఏది బరువని అడిగేవారు. మూసిన డబ్బాలో ఏముందో ఊపి చెప్పమనేవారు. నూకరాజు వెంటనే చెప్పేవాడు. తప్పయినప్పుడు పట్టీ ఆ సన్నటి అలని కొద్దిగా పైకి తోసేది. మొదట్లో అతను నవ్వాడు. తర్వాత మూట తప్పు, తూకం తప్పు అని వాదించాడు. ఒకరోజు లేచి పట్టీ విసిరికొట్టి, వాంతి చేసుకున్నాడు. అయినా మర్నాడు వచ్చాడు. ఎందుకొచ్చావని ఇలియాస్ అడిగితే, "ఏదో దురదలా ఉందండి, ఎక్కడో తెలియటం లేదు," అన్నాడు. ఆ మాట విని ఇలియాస్ వేణి వైపు చూశాడు.

ఒక మధ్యాహ్నం అన్నం దగ్గర లోవ, "పులుసులో ఉప్పు సరిపోయిందా?" అని అడిగింది. నూకరాజు ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. నాలుక కదిపి చూశాడు. కనుబొమలు ముడిపడ్డాయి.

"ఏమో," అన్నాడు.

లోవ గరిట పట్టుకుని అలాగే నిలబడింది. ఆమెకి కన్నీళ్ళు ఆగలేదు. నూకరాజు మాత్రం ఆమెని చూడటం లేదు. కంచం వైపు చూస్తున్నాడు. చెయ్యి అన్నంలోనే ఉండిపోయింది.

"లోవా," అన్నాడు మెల్లగా, "ఆ రోజు కొండయ్య పళ్ళెమన్నాడు కదా."

ఆ తర్వాతి రోజులు వేణికి జన్మలో మర్చిపోలేనివి. నూకరాజు వాకిట్లో అటూ ఇటూ నడుస్తూనే ఉండేవాడు. ఏది ముట్టుకున్నా రెండోసారి చూసేవాడు. గ్యాసు ఆపానా అని అడిగేవాడు. పిల్లని ఎత్తుకోవడానికి భయపడ్డాడు. "ఎంత దూరంలో విన్నాను? ఇంజను తగ్గిస్తే ఆగేవాళ్ళమా?" అని తనలో తను మాట్లాడుకునేవాడు. లోవ ఒక్కమాట నిష్ఠూరంగా అనలేదు. అతను నడుస్తుంటే తనూ పక్కన నడిచేది.

వేణి మళ్ళీ అనంతశయనం గారి దగ్గరికి వెళ్ళింది. ఈసారి కూర్చోలేదు. "నేను విచారణలో చెప్పబోతున్నానండి. పట్టీ గురించి అంతా."

"చెప్తే సంస్థ ఉండదు వేణీ." ఆయన గొంతులో బెదిరింపు లేదు. ముసలితనం ఉంది. "ఈ కోర్సు లేకపోతే నీ తమ్ముడు సరంగయ్యేవాడు కాదు."

"అవునండి. ఎల్లాజీ బతికుండేవాడు."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "నేను కూడా వస్తాను," అన్నారు. "కొన్ని వారాలు చూద్దామన్నది నేను కదా."

విచారణ కన్నా ముందు వేరే చోటికి వెళ్ళాలన్నాడు నూకరాజు. వేణి వెంట వెళ్ళింది. ఉప్పాడ దాటాక సముద్రం కోసేసిన రోడ్డు పక్కన, ఇసకలో పది పదిహేను ఇళ్ళ పల్లె. ఎల్లాజీ భార్య బంగారమ్మ వాకిట్లో మెత్తళ్ళ చేపలు ఎండబెడుతోంది. ఎవరో తెలియగానే లేచి నిలబడింది. రమ్మనలేదు, పొమ్మనలేదు.

"ఎందుకొచ్చావు?"

"చెప్పాలని వచ్చేనమ్మా," అన్నాడు నూకరాజు. "ఆ రోజు నాకు చప్పుడు వినపడింది."

బంగారమ్మ చేతిలో చేట కింద పెట్టింది.

"గొలుసని చెప్పేను. అబద్ధం చెప్పలేదు, గొలుసే అని తెలుసనుకున్నాను. ఇప్పుడు అలా చెప్పలేకపోతన్నాను. కొండయ్య పళ్ళెమన్నాడు. గొలుసైతే ఆగి ఆగి మోగాలి. అది ఆగకుండా మోగింది, దగ్గరికెళ్ళే కొద్దీ తొందర తొందరగా మోగింది. నేను ఆగి వినలేదు."

"తొందర తొందరగా," అంది ఆమె.

"అవునమ్మా."

"ఎందాకా?"

నూకరాజు కళ్ళు మూసుకున్నాడు. "గుద్దేదాకా అనుకుంటా. అది మాత్రం గట్టిగా చెప్పలేను. ఇంజను చప్పుడుంది."

బంగారమ్మ గుమ్మంలో కూలబడింది. ఏడవలేదు. ఇసకని అరచేత్తో సాపు చేస్తూ కూర్చుంది. "అందరూ నిద్రపోయేడన్నారు," అంది. "ఊళ్ళో అన్నారు, ఆఫీసులో అన్నారు. మా మావగారు కూడా, పోనీలే అమ్మా నిద్ర పట్టేసి ఉంటాదిలే అన్నారు. మా అబ్బాయి బళ్ళో పిల్లలు కూడా అన్నారంట. ఆ మనిషి జన్మలో తెప్ప మీద కన్ను మూసినోడు కాదు."

"నిద్రపోలేదమ్మా."

"ఈ మాట అక్కడ చెప్తావా?"

"చెప్తాను."

"నీ లైసెన్సు పోతాది."

"పోతాది."

ఆమె అతన్ని చాలాసేపు చూసింది. క్షమించినట్టు కాదు. ఆ చూపులో క్షమకి చోటు లేదని వేణికి అర్థమైంది. తర్వాత బంగారమ్మ లేచి, మెత్తళ్ళ మీద వల కప్పి, చెప్పులు వేసుకుంది. "నేను కూడా వత్తాను. నువ్వు చెప్పేటప్పుడు నేనుండాలి."

ముగ్గురూ బస్సెక్కారు.

విచారణాధికారి నూకరాజుని రెండు మూడు రకాలుగా అడిగాడు. "పోయినసారి ఖాయంగా గొలుసన్నావు. ఇప్పుడు పళ్ళెమంటున్నావు. ఏది నమ్మాలి?" నూకరాజు తనకి తెలిసినదెంతో, తెలియనిదెంతో విడదీసి చెప్పాడు. కొండయ్య లేచి, తను మొదట అన్నట్టు అది పళ్ళెమేనన్నాడు. తర్వాత వేణి చెప్పింది, ఇలియాస్ చెప్పాడు, అనంతశయనం గారు చెప్పారు. ఎల్లాజీ పళ్ళెం కొడుతూనే ఉన్నాడని నమోదైంది. ఆ మాట పైకి చదివినప్పుడు బంగారమ్మ ఇంకోసారి చదవమంది. చదివారు.

నూకరాజు లైసెన్సు రద్దయింది. పట్టీలో కరెంటు ఆపేయమని ఉత్తర్వు వచ్చింది. మిగతా కేసు ఇంకా నడుస్తోంది, వేణి పేరు కూడా అందులో ఉంది. కోర్సులోంచి జనం మళ్ళీ లేచిపోవడం మొదలుపెట్టారు. ఎందుకు కష్టం చేసేశారని తిట్టారు. సంస్థలో చాలామంది వెళ్ళిపోయారు. వేణి, ఇలియాస్, అనంతశయనం గారు మిగిలారు. ఆమె ఇప్పుడు పాఠంలో ఆ ఇరుకు సందుని తీసేయకుండా, అందులో మనిషి ఒంటరిగా లేడనిపించేలా ఏం చెయ్యాలా అని వెతుకుతోంది. దొరకలేదు. ఒక్కోసారి దొరికినట్టు అనిపిస్తే, వెంటనే తన మీద తనకే అనుమానం వస్తుంది.

అసలు కష్టం వేరే ఉంది. పట్టీ ఎక్కువ వాడినవాళ్ళందరినీ పిలిచి, నూకరాజుకి చేసినట్టు చెయ్యాలి. ఫోను చేస్తే అందరిదీ ఒకటే జవాబు. నేను బాగానే ఉన్నాను. వాళ్ళ జబ్బే ఆ మాట అనిపిస్తోందని వాళ్ళకి చెప్పి ఒప్పించడం వేణికి చేతకాలేదు. అప్పుడు నూకరాజు వచ్చి, ఫోను నాకివ్వు, అన్నాడు.

అతనిప్పుడు రోజూ పొద్దున్నే వస్తాడు. కిటికీ పక్కన కూర్చుంటాడు. ఆ రోజు తునిలో ఒక ఆయాతో మాట్లాడుతున్నాడు. స్పీకరులో ఆమె గొంతు ఉల్లాసంగా వినపడుతోంది.

"నాకే ఇబ్బందీ లేదండి. ఏ మందు ఎంతివ్వాలో డాక్టరు కన్నా నాకే బాగా తెలుసు."

"నేనూ అలాగే అన్నానమ్మా," అన్నాడు నూకరాజు. "నేను టగ్గు నడిపేవాణ్ణి. నా వల్ల ఒకాయన పోయాడు. ఆయన పేరు ఎల్లాజీ. పోయాక కూడా నేను బాగానే ఉన్నాను, రెండుసార్లు అన్నం తిన్నాను. ఒక్కసారి వచ్చి చూపించుకో తల్లీ."

అవతల ఫోను పెట్టేసిన చప్పుడయింది.

నూకరాజు చొక్కా అంచుతో ముఖం తుడుచుకున్నాడు. గ్లాసు ఎత్తి నీళ్ళు తాగాడు. వేణి లేచి వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది. అతను అదే నంబరు మళ్ళీ నొక్కాడు.